తుపాకీ ఎక్కడ పట్టాలి, చూపు ఎక్కడ నిలపాలి?

ప్రశ్న: నాది విజయనగరం. డిగ్రీ చదివే రోజుల్లో ఎన్.సి.సి.లో పాయింట్ టూ టూ రైఫిల్ కాల్చేదాన్ని. క్యాంపుల్లో రెండు మూడు పతకాలు కూడా వచ్చాయి. ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ, ఎనిమిది నెలలుగా ఆదివారాలు రేంజ్‌కు వెళ్ళి, మెషీన్ విసిరే మట్టి పళ్ళేలను షాట్‌గన్‌తో గాలిలోనే పగలగొట్టే ట్రాప్ షూటింగ్ నేర్చుకుంటున్నాను. ఆ పళ్ళేలనే పిట్టలంటాం. 25 పిట్టల రౌండులో 14, 15 దాటడం లేదు. నిలబడి కాల్చే అయిదు స్టేషన్లలో మూడోదానిలో బాగానే తగులుతున్నాయి. మొదటి స్టేషన్‌లో కుడివైపు పోయేవీ, అయిదో స్టేషన్‌లో ఎడమవైపు పోయేవీ దాదాపు అన్నీ తప్పిపోతున్నాయి. వీడియోల్లో మొదటి స్టేషన్‌లో ఎడమ మూలకు, అయిదో స్టేషన్‌లో కుడి మూలకు తుపాకీ పట్టమని చెప్పారు. మా రేంజ్‌లో మూల అంటూ ఏదీ లేదు కాబట్టి ఎదురుగా నేల మీద ఉన్న గుర్తుకు ఓ మీటరు అటూ ఇటూ జరిపి పడుతున్నాను. మా కోచ్ "గుర్తు మీదే పట్టు" అంటారు గానీ ఎందుకో చెప్పరు. తోటివారిలో ఒకరు గుర్తుకు మూరెడు పైన పట్టమంటారు, మరొకరు గుర్తు దాటి పైకి రానివ్వవద్దంటారు. ఎవరి మాట వినాలి? నెలలో పది రోజులు ఇంటి నుంచే పని చేస్తూ విజయనగరంలో ఉంటాను. ఆ రోజుల్లో ఇంట్లో చేయదగిన సాధన ఏమైనా ఉందా?
పేరు రాయవద్దన్న పాఠకురాలు, విజయనగరం

సమాధానం: ముందుగా మీకు ఒక మెచ్చుకోలు. "పిట్టలు తగలడం లేదు, ఏం చేయమంటారు?" అని రాసేవారే నాకు ఎక్కువ. ఏ స్టేషన్‌లో, ఏ వైపు పోయేది తప్పుతున్నదో గమనించి రాసినవారు బహు తక్కువ. మీరు ఆ రెండు ముక్కలూ రాయడంతో సగం పని మీరే చేసిపెట్టారు. మొదటి స్టేషన్‌లో తుపాకీని ఎడమకు జరిపి పడుతున్నారు, అక్కడ కుడికి పోయేవి తప్పుతున్నాయి. అయిదో స్టేషన్‌లో కుడికి జరిపి పడుతున్నారు, అక్కడ ఎడమకు పోయేవి తప్పుతున్నాయి. ఎక్కడా జరపని మూడో స్టేషన్‌లో బాగానే తగులుతున్నాయి. మీ చేతిలో గానీ తుపాకీలో గానీ లోపం వెతకక్కరలేదు. వేరే ఆటకు చెప్పిన పాఠాన్ని మీరు ఈ ఆటకు తెచ్చుకున్నారు, అంతే.

మీరు చూసిన వీడియోలు అమెరికన్ ట్రాప్‌కు సంబంధించినవని ఆ "మూల" అన్న మాటతోనే తెలిసిపోతున్నది. ఆ పద్ధతిలో మైదానం మధ్యలో చిన్న గూడు లాంటి గది ఒకటి ఉంటుంది, అందులో ఒకే మెషీన్ అటూ ఇటూ తిరుగుతూ పిట్టలను విసురుతుంది. అయిదు స్టేషన్లూ ఆ గది వెనుక 16 గజాల దూరంలో చాపంలా ఉంటాయి. షూటర్ ఒక స్టేషన్‌లో అయిదు పిట్టలు కాల్చిన తరువాతనే పక్కదానికి జరుగుతాడు. మెషీన్ ఒక్కటే కాబట్టి ఎడమ చివర నిలబడినవారికి పిట్ట ఎడమకు ఎక్కువగా కోసుకుపోతుంది, కుడికి పోయేది దాదాపు నిటారుగా పోతున్నట్టు కనబడుతుంది. అందుకే అక్కడ ఎడమ చివర నిలబడినవారు గది ఎడమ మూలకు, కుడి చివర నిలబడినవారు కుడి మూలకు తుపాకీ పట్టడం సబబు. ఆ సలహా ఇచ్చినవారు తప్పు చెప్పలేదు.

మన దేశంలో పోటీలకు ఆడేది ఒలింపిక్ ట్రాప్. ఇందులో గది ఉండదు, నేలలోకి తవ్విన పొడవైన ట్రెంచ్ ఉంటుంది, ఆ కందకంలో 15 మెషీన్లు వరసగా ఉంటాయి. అవి మూడేసి చొప్పున అయిదు జట్లు, ఒక్కో స్టేషన్‌కు ఎదురుగా ఒక్కో జట్టు. స్టేషన్లు ట్రెంచ్‌కు 15 మీటర్ల వెనుక ఉంటాయి. ట్రెంచ్ కప్పు మీద మీకు కనబడే గుర్తు ఆ జట్టులోని నడిమి మెషీన్‌కు సరిగ్గా పైన ఉంటుంది. జట్టులో ఎడమ మెషీన్ పిట్టను కుడికి విసురుతుంది, కుడి మెషీన్ ఎడమకు విసురుతుంది, నడిమిది కాస్త అటూ ఇటూగా ముందుకు విసురుతుంది. అంటే పక్కలకు పోయే రెండు దారులూ గుర్తుకు ఎదురుగా ఒకదానినొకటి కత్తెరలా దాటుకుంటాయి. ఈ ఒక్క సంగతి ఎవరైనా మొదటి రోజే మీకు కాగితం మీద గీసి చూపించి ఉంటే ఎనిమిది నెలల ఆదివారాలు మిగిలేవి. కోచ్ "గుర్తు మీదే పట్టు" అన్నది అక్షరాలా సరైన మాటే. ఎందుకో చెప్పకపోవడం ఆయన పొరపాటు, అడగకపోవడం మీ మొహమాటం.

పైగా ఈ పద్ధతిలో పంపకం కూడా సమానం. రౌండు మొత్తంలో ప్రతి షూటర్‌కూ ఎడమకు పోయేవి 10, కుడికి పోయేవి 10, నడిమివి 5 వస్తాయి. ఒక్కో స్టేషన్‌కు లెక్క వేసుకుంటే ఎడమవి రెండు, కుడివి రెండు, నడిమిది ఒకటి. ఏది ఎప్పుడు వస్తుందన్నది మాత్రం ముందుగా తెలియదు. ఒక్కో పిట్ట కాల్చగానే పక్క స్టేషన్‌కు జరుగుతారు కాబట్టి, మీరు మొదటి స్టేషన్‌లో ఒకచోట, రెండోదానిలో ఇంకొకచోట, అయిదోదానిలో మరొకచోట తుపాకీ పట్టడమంటే ప్రతి పిట్టకూ కొత్త పాఠం మొదలుపెట్టడమే. ఒలింపిక్ ట్రాప్‌లో అయిదు స్టేషన్లకూ పట్టు ఒక్కటే. నిలబడే తీరు, తుపాకీ నిలిపే చోటు, చూపు నిలిపే చోటు, పిలిచే గొంతు, ఇవేవీ స్టేషన్‌తో పాటు మారకూడదు.

ఆ మీటరు తేడా ఎంత నష్టం చేస్తుందో లెక్క చూడండి. నిబంధనల ప్రకారం పిట్ట పక్కకు 45 డిగ్రీల దాకా పోవచ్చు. ట్రెంచ్ నుంచి అది ఓ 20 మీటర్లు పోయాక మొదటి తూటా తగిలిందనుకుందాం. అప్పటికి అది ట్రెంచ్‌కు 14 మీటర్లు ముందుకు, 14 మీటర్లు పక్కకు పోయి ఉంటుంది, మీకు సుమారు 32 మీటర్ల దూరంలో ఉంటుంది. తుపాకీ గుర్తు మీద ఉంటే మీరు తిరగవలసింది సుమారు 26 డిగ్రీలు. అయిదో స్టేషన్‌లో మీరు మీటరు కుడికి పట్టి ఉంటే ఎడమకు పోయేదాని కోసం దాదాపు 30 డిగ్రీలు తిరగాలి. నాలుగు డిగ్రీలే కదా అనిపించవచ్చు. పిట్ట గంటకు వంద కిలోమీటర్లు దాటే వేగంతో బయటికి వస్తుంది. మొత్తం వ్యవహారానికి సెకను కూడా పట్టదు, అందులో కన్ను చూసి, మెదడు గుర్తించి, నడుము కదలడానికే అయిదో వంతు సెకను పోతుంది. మిగిలిన దానిలో ఆ అదనపు నాలుగు డిగ్రీలను తరుముకుంటూ వెళ్ళిన బారెల్ రెండు తప్పుల్లో ఒకటి చేస్తుంది. అందుకోలేక వెనకబడుతుంది, లేదా హడావిడిగా కొరడాలా విసురుకుని పిట్టను దాటిపోతుంది. ఇక్కడ మిమ్మల్ని ఒక మాట అడగాలి. ఒలింపిక్ ట్రాప్‌లో క్వాలిఫికేషన్ రౌండ్లలో పిట్టకు రెండు తూటాలు ఉంటాయి కదా. మీకు తగిలిన ఆ 14, 15 పిట్టల్లో రెండో తూటాకు పగిలినవి ఎన్ని? సగం దాకా ఉంటే మొదటి తూటా వెనుక పడుతున్నదనీ, రెండోదాని సమయానికి బారెల్ పిట్టను అందుకుంటున్నదనీ అర్థం. ఇది తెలుసుకోవడానికి స్కోర్ షీట్ చాలదు, సొంత నోటుపుస్తకం కావాలి.

ఇక ఎత్తు సంగతి. మీ మిత్రులిద్దరి మాటా నిజమే అయి ఉండవచ్చునని నా అనుమానం. ఈసారి రేంజ్‌కు వెళ్ళినప్పుడు వారి తుపాకీని కాదు, ముఖాలను చూడండి. గుర్తు దాటి పైకి రానివ్వవద్దన్న ఆయన ఒక కన్ను మూసుకుని కాల్చేవారై, మూరెడు పైన పట్టమన్న ఆయన రెండు కళ్ళూ తెరిచి కాల్చేవారై ఉంటే నేనేమీ ఆశ్చర్యపోను. బారెల్ పిట్టకు అడ్డు వస్తుందా రాదా అన్న దాని మీదనే ఈ ఎత్తు ఆధారపడి ఉంటుంది. ట్రెంచ్‌లోంచి లేచే పిట్ట మీ బారెల్‌కు కింది నుంచి వస్తుంది. ఒక కన్ను మూసుకున్నవారికి బారెల్ వెనుక ఉన్నదేదీ కనబడదు కాబట్టి, తుపాకీ ఎత్తుగా ఉంటే తక్కువ ఎత్తున పోయే పిట్ట క్షణం పాటు దాని చాటున పడుతుంది. వారు గుర్తు మీదనో, ట్రెంచ్ అంచున కాస్త దిగువనో పట్టుకోక తప్పదు. రెండు కళ్ళూ తెరిచినవారికి ఒక కంటికి బారెల్ అడ్డమైనా రెండో కన్ను దాని పక్క నుంచి చూస్తుంది, బారెల్ గాజుతో చేసినట్టు అనిపిస్తుంది. వారు పైన పట్టి, ఆ మేరకు కదలిక ఆదా చేసుకోగలరు.

అయితే ఈ ఎత్తు విషయంలో జనం పడే తర్జనభర్జన అవసరానికి మించినదని నా అభిప్రాయం. ట్రెంచ్‌కు 10 మీటర్ల అవతల పిట్ట ఎత్తు కనీసం ఒకటిన్నర మీటర్లు ఉండాలని నిబంధన. మీరు సామాన్యమైన ఎత్తు గలవారైతే మీ కన్ను నేలకు ఒకటిన్నర మీటర్ల ఎత్తున ఉంటుంది. అంటే అన్నిటికన్నా తక్కువ ఎత్తున పోయే పిట్ట కూడా అక్కడికి చేరేసరికి మీ కంటి ఎత్తుకు వచ్చేస్తుంది. గుర్తు మాత్రం నేల మట్టాన ఉన్నది. కనుక గుర్తు మీద పట్టినప్పుడు ఏ పిట్టకైనా బారెల్ పైకే వెళ్ళాలి, కిందికి దించవలసిన పిట్ట అసలు లేదు. ఇక ఆ మూరెడు తేడా 15 మీటర్ల దూరాన రెండు డిగ్రీలు కూడా కాదు. ముందు గుర్తు మీద స్థిరపడండి. మూరెడు పైకి పోవాలా వద్దా అన్నది ఆరు నెలల తరువాత ఆలోచించుకోవలసిన సంగతి.

దానికంటే ముందు తేల్చుకోవలసినది కళ్ళ సంగతి. మీరు రాయలేదు గానీ, ఎన్.సి.సి. రైఫిల్ నుంచి వచ్చారు కాబట్టి ఎడమ కన్ను మూసి, బారెల్ కొసన ఉన్న పూసను చూస్తూ కాలుస్తున్నారని నా ఊహ. ఆ జబ్బు నాకూ ఉండేది, అందుకే వాసన పట్టగలను. సైన్యంలో నేను ముందు రైఫిల్ పట్టినవాణ్ణి. రైఫిల్‌లో కొన సైట్ స్పష్టంగా, లక్ష్యం కాస్త మసకగా కనబడాలని నేర్పుతారు. షాట్‌గన్‌లో అంతా తలకిందులు. పిట్ట స్పష్టంగా కనబడాలి, బారెల్ మసకగా ఉండాలి. నా మొదటి సీజన్ అంతా ఈ సంగతి తలకెక్కకుండానే గడిచింది. ఒకనాటి ఉదయం మా ఉస్తాద్ నా తుపాకీని అడిగి తీసుకుని, పక్కకు తిరిగి ఏదో చేసి తిరిగి ఇచ్చారు. స్టేషన్‌లో నిలబడి భుజానికి ఎత్తగానే "సర్, దీనికి పూస లేదు" అన్నాను. ఆయన అరచేయి చాపారు. మిరియపు గింజంత ఇత్తడి పూస అందులో ఉంది. "లేదని నీకెలా తెలిసింది? అటు చూడకూడదు కదా" అన్నారు. ఆ రోజు పూస లేకుండానే కాల్చాను. అంతకు ముందు కన్నా మూడు ఎక్కువే తగిలాయి.

పూసను చూస్తే ఏమవుతుందంటే, కన్ను దగ్గరి వస్తువు మీదికి రాగానే దూరాన కదులుతున్నది మసకబారుతుంది, మసకబారగానే చేయి ఆగుతుంది. ట్రిగ్గర్ నొక్కిన తరువాత గుళ్ళు అక్కడికి చేరడానికి సెకనులో పదో వంతు దాకా పడుతుంది, ఆ లోపల పిట్ట రెండు మీటర్లకు పైగా పోతుంది. ఆగిన తుపాకీ నుంచి వెళ్ళిన 24 గ్రాముల గుళ్ళు పిట్ట అంతకు ముందు ఉన్న చోటికి చేరుకుంటాయి. ముందుకు ఎంత వదలాలి అని అందరూ అడుగుతారు. కదులుతున్న బారెల్‌తో, పిట్ట ముందు అంచును చూస్తూ కాల్చేవారికి ఆ లెక్క చాలావరకు కదలికలోనే కలిసిపోతుంది. కొలుచుకుంటూ కూర్చుంటే పిట్ట వెళ్ళిపోతుంది.

మీ ఏలుబడి కన్ను, అంటే గురి చూడడంలో రెండోదాని మీద పైచేయి అయ్యే కన్ను, ఏదో ఇంట్లోనే తేల్చుకోండి. రెండు కళ్ళూ తెరిచి, దూరంగా ఉన్న కరెంటు స్తంభం కొసను చూపుడు వేలితో చూపండి. వేలు కదపకుండా ఎడమ కన్ను మూయండి. వేలు స్తంభం మీదనే ఉంటే మీది కుడి కన్ను, పక్కకు జరిగినట్టు కనబడితే ఎడమ కన్ను. మీరు కుడి భుజానికి తుపాకీ పట్టేవారనే అనుకుని రాస్తున్నాను. కుడి కన్నే ఏలుతున్నట్టయితే, తుపాకీ గుర్తు మీద కుదురుకున్న తరువాత రెండు కళ్ళూ తెరిచి కాల్చడం మొదలుపెట్టండి, నెల రోజులు స్కోరు పడిపోయినా పట్టించుకోకండి. ఎడమ కన్ను ఏలుతున్నట్టయితే అద్దాల ఎడమ గాజు మీద, తుపాకీ ఎత్తినప్పుడు ఆ కంటికి పూస కనబడే చోట, రూపాయి బిళ్ళకన్నా చిన్నదిగా తెల్లని టేపు ముక్క అంటించండి. కన్ను తెరిచే ఉంటుంది, మైదానం వెలుగూ వెడల్పూ అందుతాయి, గురిని మాత్రం అది పాడుచేయదు.

ఇప్పుడు మీరు అడగని ప్రశ్నకు వస్తాను, నిజానికి అన్నిటికన్నా ముఖ్యమైనది అదే. తుపాకీ నిలిపే చోటు వేరు, చూపు నిలిపే చోటు వేరు. బారెల్ గుర్తు మీద ఉండాలి, చూపు గుర్తు మీద ఉండకూడదు. విజయనగరం నుంచి పలాస వైపు వెళ్ళే రైలులో కిటికీ పక్కన కూర్చున్నప్పుడు పట్టాల పక్కన కంకర మీద చూపు పెట్టి చూడండి. రాళ్ళేవీ కనబడవు, బూడిదరంగు చారలు మాత్రం కనబడతాయి, కళ్ళు నొప్పి పుడతాయి. చూపు కాస్త దూరం జరిపి తాటిచెట్ల వరస మీద పెడితే ఒక్కో చెట్టూ విడివిడిగా కనబడుతుంది. ట్రెంచ్ అంచు అలాంటి కంకరే. పిట్ట అక్కడ ఒక నారింజ రంగు గీత, దాన్ని పట్టుకోబోయిన కన్ను ఎప్పుడూ వెనకబడుతుంది. ఓ ఏడెనిమిది మీటర్ల అవతల, అంచుకు పైన, ఆ గీత పిట్టగా మారుతుంది. చూపు అక్కడ ఉండాలి. దేనినీ గుచ్చి చూడకుండా, అరుగు మీద కూర్చుని వీధిని చూసే పెద్దమనిషిలా, వెడల్పుగా ఉండాలి. ఎడమకు పోయినా కుడికి పోయినా ఆ చూపులోకే వచ్చి పడుతుంది.

వరస ఇలా పెట్టుకోండి. పాదాలు కుదుర్చుకున్నాక తుపాకీని భుజానికి ఎత్తి చెంపను స్టాక్ మీద, అంటే భుజానికి ఆనే వెనుక చెక్క భాగం మీద, ఆనించండి. పూస, దాని వెనుక బారెల్ పొడవునా ఉన్న పట్టీ సరిగా ఉన్నాయా అని ఒక్కసారి చూసుకుని బారెల్‌ను గుర్తు మీదికి తీసుకురండి. అది నిలిచాక చూపును మాత్రం గుర్తు నుంచి విడిపించి అవతలికి పంపండి. చూపు అక్కడ కుదిరిన తరువాతనే పిలవండి. కొత్తవారిలో చాలామంది చూపు ఇంకా దారిలో ఉండగానే "పుల్" అనేస్తారు, మైక్రోఫోన్ ఆ గొంతు అందుకోగానే పిట్ట వచ్చేస్తుంది. మరికొందరికి చూపు లేస్తే దానితో పాటు బారెల్ కూడా లేస్తుంది. రెండింటినీ విడదీయడం చదివినంత తేలిక కాదు, దానికే ఇంటి సాధన అక్కరకు వస్తుంది.

చెంప గురించి మన ఊరి ఉదాహరణే చెబుతాను. పైడితల్లి అమ్మవారి పండుగనాడు సిరిమాను కోట వైపు మలుపు తిరిగేటప్పుడు చూసే ఉంటారు. కింద బండి జానెడు జరిగితే పైన మాను కొసన పూజారి ఆసనం ఎంత దూరం ఊగుతుందో చూసి జనం ఊపిరి బిగబడతారు. తుపాకీలో మొదలు మీ కన్ను, కొస ముప్పై మీటర్ల అవతల ఉన్నది. షాట్‌గన్‌కు వెనుక సైట్ ఉండదు, మీ కన్నే వెనుక సైట్. కంటి నుంచి బారెల్ కొసకు సుమారు మీటరు అనుకుంటే, చెంప అర సెంటీమీటరు లేచినప్పుడు 32 మీటర్ల దూరాన దెబ్బ 16 సెంటీమీటర్లు పైకి పోతుంది. పిట్ట వ్యాసం 11 సెంటీమీటర్లే. పగిలిందో లేదో చూద్దామని తల ఎత్తినవారి గుళ్ళు దాదాపు ఎప్పుడూ పిట్ట పైనుంచే పోతాయి. ముక్కలు నేల మీద పడేవరకు చెంప కదపకండి. ఇందుకు ఇంకొక కిటుకు లేదు.

తిరగడం నడుము నుంచి జరగాలి, చేతుల నుంచి కాదు. చేతులతో తోస్తే బారెల్ చెంపను వదిలి ముందు వెళ్ళిపోతుంది. బరువు ఎడమ పాదం మీద కాస్త ఎక్కువగా, మోకాలు బిగబట్టకుండా, ముక్కు ఎడమ బొటనవేలికి పైన ఉండేటట్టు నిలబడితే నడుము తేలికగా తిరుగుతుంది. తిరుగుతున్నకొద్దీ ఒక భుజం కుంగితే బారెల్ వంగిన కొమ్మలా కిందికి జారి పిట్ట కిందినుంచి పోతుంది, కనుక రెండు భుజాలూ ఒకే మట్టాన తిరగాలి. కుడి భుజానికి పట్టేవారికి ఎడమకు తిరిగేటప్పుడు స్టాక్ చెంపలోకి ఒత్తుకుంటుంది, కుడికి తిరిగేటప్పుడు చెంప నుంచి విడిపోతుంది. అందువల్ల కుడివైపు పిట్టలు స్వభావరీత్యానే కాస్త కష్టం. పాదాలను ఒకటి రెండు అంగుళాలు కుడికి తిప్పి నిలబడితే ఆ కష్టం తగ్గుతుంది. దీన్ని బట్టి ఒక జోస్యం చెప్పగలను. తుపాకీని గుర్తు మీదికి తెచ్చుకోగానే అయిదో స్టేషన్‌లో ఎడమవి ముందు దారికి వస్తాయి. మొదటి స్టేషన్‌లో కుడివి దారికి రావడానికి ఇంకొన్ని వారాలు పడుతుంది, ఎందుకంటే అక్కడ మీకున్న ఇబ్బందులు రెండు.

ఇంటి సాధనకు తుపాకీ అక్కరలేదు. ఇది ముందే గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే మన జిల్లాల్లో ఎవరి దగ్గరో ఉన్న పాత నాటు తుపాకీతో తోటలో నాలుగు దెబ్బలు కాల్చి చూద్దామనుకునేవారిని నేను ఎరుగుదును. 1959 ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు లేని తుపాకీని దగ్గర పెట్టుకోవడమే కేసు, దాని బారెల్ ఎప్పుడు పగులుతుందో చెప్పలేకపోవడం వేరే సంగతి. మీకు కావలసినది తుపాకీ అంత పొడవున్న వెదురు కర్ర ఒకటి, బొటనవేలంత టార్చి లైటు ఒకటి, మీరు కళ్ళకు పెట్టుకునే ఆ అద్దాలు. టార్చిని కర్ర కొసన గుడ్డపేలికతో కట్టండి. రాత్రి గదిలో లైటు ఆర్పి, గోడా శ్లాబూ కలిసే గీతకు ఎదురుగా నిలబడి, కర్రను భుజానికి ఎత్తి చెంప ఆనించండి. వెలుగు చుక్కను గీత నడిమిన ఒకచోట నిలిపి, చూపును దానికి జానెడు దూరాన శ్లాబు మీద ఉన్న మరకో మేకో చూసుకుని అక్కడికి పంపండి. చుక్క కదలకూడదు. కదిలితే మళ్ళీ మొదటి నుంచి. అది కుదిరిన తరువాత నడుము తిప్పుతూ చుక్కను గీత వెంట మూల దాకా తీసుకువెళ్ళండి. చుక్క గీత దాటి కిందికి జారినచోట మీ భుజం కుంగుతున్నదన్నమాట, అద్దం అక్కరలేకుండానే గోడ చెప్పేస్తుంది. కుడికి ఇరవై, ఎడమకు ఇరవై, అంతకు మించి వద్దు. అలసిన చేయి తప్పునే నేర్చుకుంటుంది.

సాయంత్రాలు పెద్దచెరువు గట్టుకు వెళ్ళగలిగితే ఇంకా మంచిది. గట్టు మీద కూర్చుని అవతలి చెట్ల వరసకు కాస్త పైన చూపు పరిచి ఉంచండి. కొంగ గానీ నీటికాకి గానీ లేచినప్పుడు చూపును అదే వచ్చి పట్టుకోవాలి, మీరు వెతకకూడదు. దాని ముక్కు మీద చూపు నిలిచాక రెండు కళ్ళూ తెరిచి చూపుడు వేలు ఎత్తి దాని వెంట తిప్పండి. వేలు రెండుగా, మసకగా కనబడుతూ పక్షి ఒక్కటిగా, స్పష్టంగా కనబడితే సరిగా చేస్తున్నట్టు. వేలు స్పష్టంగా కనబడి పక్షి రెండైతే రైఫిల్ అలవాటు ఇంకా పోలేదన్నమాట. ఈ ఆటను పిట్టల ఆట అనడం ఊరికే రాలేదు. మొదట్లో పెట్టెల్లోంచి బతికున్న పావురాలను వదిలి కాల్చేవారు, 1900 పారిస్ క్రీడల్లో కూడా ఆ పోటీ జరిగింది. మట్టి పళ్ళేలు వచ్చి పావురాలు బతికిపోయాయి, పేరు మాత్రం రేంజ్‌లో ఇంకా "బర్డ్" అనే మిగిలింది.

వీడియోలు మానేయమని అనను, ఒలింపిక్ ట్రాప్‌వే చూడండి. 2006లో ప్రపంచ ఛాంపియన్ అయిన మానవ్‌జిత్ సింగ్ సంధూవి చూడండి. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో పురుషుల ట్రాప్ జట్టుకు స్వర్ణం తెచ్చిన ముగ్గురిలో మన హైదరాబాదు కుర్రవాడు కైనన్ చెనాయ్ ఉన్నాడు, అతనివీ చూడండి. పిట్ట పగలడం చూడకండి. పిలవడానికి ముందు రెండు సెకన్లు బారెల్ కొస ఎక్కడ ఉన్నదో, స్టేషన్ మారినప్పుడు అది ఏ మాత్రమైనా మారిందేమో చూడండి. ఫైనల్‌లో పిట్టకు ఒక్క తూటాయే ఉంటుంది కాబట్టి ఆ పట్టులోని నిలకడ అక్కడ ఇంకా బాగా తెలుస్తుంది.

వచ్చే ఆదివారానికి ఒక్క మార్పు చాలు. అయిదు స్టేషన్లలోనూ బారెల్ గుర్తు మీదే, అంగుళం అటూ ఇటూ లేకుండా. కళ్ళూ పాదాలూ అప్పుడే మార్చకండి, అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో మీకూ తెలియదు, నాకూ తెలియదు. ప్రతి పిట్టకూ స్టేషన్ నంబరు, ఎడమా కుడా నడిమా, మొదటి తూటాకా రెండోదానికా, తప్పిందా అన్నది నోటుపుస్తకంలో రాయించండి. మీరే రాయబోతే లయ పోతుంది, వెనుక కూర్చున్న ఎవరినైనా అడగండి. రెండో ఆదివారం నుంచి చూపును గుర్తుకు అవతల నిలపడం మొదలుపెట్టండి. నాలుగు రౌండ్ల కాగితాలు పోగైన తరువాత వాటి ఫోటో తీసి పంపితే, ఆ కుడివైపు పిట్టల సంగతి అప్పుడు చూద్దాం.